ముక్కు సెలవు పెట్టిన రోజులు

మా నాయనమ్మకి ముక్కు మీదే కోపం అని చాలామంది అంటారు గాని, నిజానికి ఆ ముక్కు మీద కోపానికి చోటెక్కడిది? తన చెరువుల నీళ్ళు, వాటి అడుగు బురద, కాలువ పోటు, పక్కనే ఉన్న మేత గోదాము, తాతయ్య నశ్యం డబ్బా, ఇవన్నీ అప్పటికే అక్కడ కాపురం ఉండేవి. పొద్దున్నే గట్టు మీదికొచ్చి ఒక్కసారి గాలి పీల్చిందంటే రొయ్యలు రాత్రి ఎలా నిద్రపోయాయో చెప్పేసేది. రొయ్యలు నిద్రపోతాయా అని ఎవరైనా అడిగితే, నీ అంత మొద్దు నిద్ర కాదులే అనేది.

మనిషి పొట్టి. తాతయ్య పాత ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, ఆయన చొక్కాయే వేసుకుని, మెడలో తువ్వాలుతో గట్టు మీద నడుస్తుంటే దూరం నుంచి చూసినవాళ్ళు తాతయ్యే కుంచించుకుపోయాడేమో అనుకునేవాళ్ళు. ఆయన మాత్రం పంపు షెడ్డు ముందున్న బల్ల మీద, పెళ్ళాం తన బట్టలేసుకుని తన పని చేస్తుంటే, తీరిగ్గా కూర్చుని నశ్యం పీల్చేవాడు. ఇంట్లో ఇద్దరూ కష్టపడితే చూసి మెచ్చుకునేవాళ్ళు ఎవరుండాలి అన్నది ఆయన వాదన.

నాయనమ్మ పనిలో ఒక వరస ఉండేది. ముందు రంగు. నీళ్ళు పెసరపొట్టు రంగులో, ఎండకి కాస్త పచ్చగా మెరుస్తుంటే ముఖం విప్పారేది. ఆకు పసరులా ముదిరితే నుదుటి మీద గీత పడేది. తర్వాత గట్టు మీద బోర్లా పడుకుని చెయ్యి నీళ్ళలోకి నిటారుగా దించేది. మోచెయ్యి మునిగే దాకా వేళ్ళు కనబడుతుంటే నీళ్ళలో రొయ్యకి కావలసిన నాచు లేదన్నట్టు. మణికట్టు దగ్గరే వేళ్ళు మాయమైతే నాచు ఎక్కువైపోయి, తెల్లవారేసరికి ఉన్న గాలంతా అదే పీల్చేస్తుందన్నట్టు. ఆ రెంటికీ మధ్యలో మాయమవ్వాలి. ఆ తర్వాత గట్టు పక్కన నీళ్ళలో వేలాడదీసిన మేత పళ్ళెం పైకి లాగి చూడటం. తినకుండా మిగిలిన మేత ఎంతుంది, రొయ్య పేగు నిండుగా నల్లగా ఉందా, మధ్యలో తెగిందా అని. నీళ్ళలో గాలి ఎంతుందో చూసే మీటరు కూడా ఉండేది. దాన్ని ఆవిడ చంటిపిల్లలా గుడ్డలో చుట్టి దాచేది. ఎవరైనా ఆవిడని పొగడబోయి మీటర్లెందుకు మీకు అంటే ఊరుకునేది కాదు. నీళ్ళు మీటరుకి చూపించు, బురద నాకు చూపించు, ఎవరి పని వాళ్ళది అనేది.

బురద వంతు చివరిది. పొడుగాటి వెదురు గడకి చివర డబ్బా కట్టి, చెరువు నడిమధ్య అడుగు నుంచి బురద తీసేది. రొయ్య తిని వదిలింది, తినకుండా వదిలింది, చచ్చిన నాచు, అన్నీ తిరిగి తిరిగి నడిమధ్యకే చేరతాయి. అరచేతిలో ఆ బురద వేసుకుని, కళ్ళు మూసుకుని, దేవకన్య పువ్వు వాసన చూసినట్టు చూసేది. మంచి బురదకి తొలి వానకి తడిసిన మట్టి వాసన ఉంటుందట. చెడ్డ బురదకి కుళ్ళిన గుడ్డు వాసన. ఆ కంపు పుట్టించే విషవాయువు అడుగున తయారైతే, అడుగునే బతికే రొయ్యకి ఊపిరాడదు. పైన నీళ్ళు ఎంత అందంగా ఉన్నా లాభం లేదు.

అందుకే కాలువ పొడుగునా ఉన్న రైతులంతా చెంబుల్లో, మగ్గుల్లో తమ తమ బురదలు పట్టుకుని ఆ బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళు. నాయనమ్మ తీర్పులు మూడే. "తియ్యగా ఉంది" అంటే మేత వెయ్యి, ఇంటికెళ్ళి పడుకో అని. "పులిసింది" అంటే మేత తగ్గించి, బెల్లం నీళ్ళలో మంచి సూక్ష్మజీవుల పొడి నానబెట్టి పొయ్యమని. మూడోది మాట కాదు. బురద కింద పారేసి, చెప్పులేసుకుని, అడిగినవాడి కంటే ముందు వాడి చెరువు వైపు నడిచేది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆవిడకి ఉన్న చెరువుల్లో ఒకదాంట్లో రొయ్య పిల్ల వేసేది కాదు. దాని మధ్యలో అడ్డుగట్టు కట్టించింది. వాడేసిన నీళ్ళు ఒక పక్క నుంచి వచ్చి మురికంతా దించుకుని, కొయ్యింగ చేపలూ ఆల్చిప్పలూ నాచూ వాటి వంతు అవి తినేశాక, తేరిన నీళ్ళు అడ్డుగట్టు దాటి అవతలి సగంలోకి చేరేవి. అక్కడి నుంచి మళ్ళీ రొయ్యల చెరువుల్లోకి. గట్ల మీద మడ మొక్కలు. కాలువలోకి మురికి చుక్క వదలకూడదు, కాలువలో నుంచి జబ్బు చుక్క తెచ్చుకోకూడదు, అంతే ఆవిడ లెక్క. మరిది, అంటే తాతయ్య తమ్ముడు, ఆ చెరువుని చూసినప్పుడల్లా నవ్వేవాడు. మా వదిన ఇంట్లో మంచి గది ఖాళీగా పెట్టి మురికి నీళ్ళని అతిథిగా ఉంచుకుంది అని ఊరంతా చెప్పేవాడు. చెప్పనీ, నీకు చోటు లేకపోతే నీక్కూడా అదే గది ఇస్తాలే అనేది నాయనమ్మ.

మరిది చెరువు ఆవిడ చెరువుల పక్కనే, కాలువకి దిగువన. ఆవిడ కాపురానికి వచ్చేసరికి అతను పలకా బలపం వయసు వాడు. ఈత నేర్పింది, జ్వరమొస్తే ఎత్తుకు తిరిగింది, మీసాలొచ్చాక చెరువు తవ్వించింది. క్రితం పంట జబ్బొచ్చి మొత్తం పోయింది. ఈ పంట కూడా పోతే చెరువు పూడ్చేసి ఏదో లారీ మీద క్లీనరుగా వెళ్ళిపోతానని అతను నవ్వుతూనే అన్నాడు గాని, ఆ నవ్వు నాయనమ్మకి నచ్చలేదు. తన చేత్తో పెంచిన పిల్లాడు ఎక్కడో లారీ టైర్లు తుడవడం ఆవిడకి ఊహకందే విషయం కాదు.

ఇక కోడలు. ఆ కోడలు మా అమ్మ కాబట్టి మరీ పొగిడితే బాగుండదు, ఉన్నదే చెప్పుకోవాలి. దర్జీ ఇంట్లో పుట్టి, కొత్త గుడ్డల వాసనల మధ్య పెరిగి, పెళ్ళయ్యాక నేరుగా రొయ్యల చెరువు గట్టు మీద దిగింది. మొదటి రోజే మేత గోదాము తలుపు తెరిచి, తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక్కి వచ్చేసింది. ఆ తువ్వాలు ఆ తర్వాత కూడా పూర్తిగా దిగలేదు. మోటార్లన్నీ ఆవిడే చూసుకునేది. నీళ్ళలోకి గాలి కొట్టే చక్రాల బెల్టు వదులైతే శబ్దం విని, వంట మధ్యలో లేచి వెళ్ళి బిగించి వచ్చేది. అయితే ఏం లాభం, నీళ్ళ దగ్గరికి వస్తే ముక్కు మూసుకునేది. నాయనమ్మ ఆవిడకి మహారాణి ముక్కు అని పేరు పెట్టింది. మహారాణిగారు వస్తున్నారు, రొయ్యలూ, కాస్త అత్తరు పూసుకోండి అని చెరువు వైపు తిరిగి చెప్పేది. కోడలు నవ్వేసి ఊరుకునేది. అలా ఊరుకోగా ఊరుకోగా, తన ముక్కుకి తగిలిన దాన్ని పైకి చెప్పడం మానేసింది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. తర్వాత దాంతోనే వచ్చింది తంటా అంతా.

ముసురు పట్టింది. ఎండ లేదు, ఆకాశం తడిసిన దుప్పటిలా వేలాడుతోంది. నాయనమ్మ వానలో గట్ల మీద తిరిగి తిరిగి జలుబు, జ్వరం తెచ్చుకుని మంచం ఎక్కింది. మంచం మీద నుంచే చెరువులు నడిపింది. జ్వరం దిగాక లేచి కాఫీ తాగితే, వేడి నీళ్ళు తాగినట్టుంది. పొడి వెయ్యడం మర్చిపోయావా అని కోడల్ని అడిగింది. కోడలు ఇంకో రెండు చెంచాలు కలిపి తెచ్చింది. అదీ వేడి నీళ్ళే. ఆ సాయంత్రం పొయ్యి మీద పాలు మాడి, పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకునేంత కంపు కొడితే, పొయ్యి పక్కనే కూర్చున్న నాయనమ్మ తాపీగా వెల్లుల్లి వొలుచుకుంటోంది.

అప్పుడు అర్థమైంది ఆవిడకి. ఎవరూ చూడకుండా వెల్లుల్లి రేకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. మిరియాలు నూరి పీల్చింది. తుమ్ము వచ్చింది గాని వాసన రాలేదు. జలుబు పూర్తిగా తగ్గితే అదే వస్తుందిలే అనుకుని, ఎవరితోనూ అనలేదు. తన చెరువులకి పెద్ద భయం లేదు. రంగు, చెయ్యి, పళ్ళెం, మీటరు ఉన్నాయి. మేత ముందే తగ్గించి పెట్టింది. ముసురుకి బయటివాళ్ళు ఎవరూ బురద తేవడం లేదు. ఈ నాలుగు రోజులు గడిస్తే చాలు, ముక్కు ఎక్కడికి పోతుంది, దానికి మాత్రం ఇంకో మొహం దొరుకుతుందా అని ధైర్యం చెప్పుకుంది.

ఇంట్లో ఈ మార్పుతో సంతోషించిన మనిషి ఒక్కడే, తాతయ్య. పెళ్ళైన దగ్గర నుంచి ఆయన నశ్యం డబ్బా మూత తీస్తే నాయనమ్మ బల్ల రెండో కొసకి జరిగిపోయేది. అలాంటిది ఇప్పుడు ఆయన పక్కనే, భుజం తగిలేంత దగ్గరగా కూర్చుంటోంది. ఆయన చిటికెడు తీసి బర్రున పీల్చినా కదలడం లేదు. ముసలితనంలో పెళ్ళానికి తన మీద ప్రేమ పుట్టుకొచ్చిందని ఆయన మురిసిపోయి, గడ్డం కూడా గీసుకున్నాడు. తర్వాత మాడిన పాల సంగతి విని అసలు కారణం పోల్చుకున్నాడు. మురిపెం కాస్త తగ్గింది. అయినా నోరు మెదపలేదు.

ముసురు కాస్త తెరిపిచ్చిన ఒక పొద్దున, మరిది నీలం రంగు ప్లాస్టిక్ మగ్గులో బురద తెచ్చాడు. "వదినా, ఇదొక్కటి చూసి చెప్పు. మధ్యాహ్నం మేత గట్టిగా వేద్దామనుకుంటున్నా. పంటకి దగ్గర పడింది."

నాయనమ్మ మగ్గు అందుకుంది. మీ బురద మీరే చూసుకోండి, నాకు వాసన తెలియట్లేదు అని ఆ క్షణం అనేస్తే అయిపోయేది. కానీ అతను ఆ బల్ల ముందు చిన్నప్పటిలా నిలబడి ఉన్నాడు, వదిన ఉంటే ఇంక భయమేంటి అన్నట్టు. అలవాటు ప్రకారం అరచేతిలో వేసుకుంది. కళ్ళు మూసుకుంది. పీల్చింది. ఆ ముక్కుకి తడి తప్ప ఏమీ తగల్లేదు. రంగు చూద్దామంటే మబ్బు, పైగా షెడ్డు చూరు నీడ, నలుపో బూడిదో తేలలేదు. మేత పళ్ళెం ఎలా ఉందని అడిగింది. నాకి పెట్టినట్టు ఖాళీగా వస్తోందని చెప్పాడు. తింటున్నాయంటే అడుగు బాగున్నట్టే అని ఆవిడ తనకి తాను నచ్చజెప్పుకుంది.

"తియ్యగా ఉంది," అంది.

మరిది ముఖం వెలిగిపోయింది. మగ్గులో మిగిలింది బల్ల పక్కన కుమ్మరించి, ఈల వేసుకుంటూ పోయాడు.

నాయనమ్మ చెయ్యి కడుక్కోవడానికి లేచి, పంపు షెడ్డు వైపు చూసింది. అక్కడ కోడలు మోటారు ముందు కూర్చుని బెల్టు మారుస్తోంది. చేతులు రెండూ బెల్టు మీద ఉన్నాయి కాబట్టి తువ్వాలు పళ్ళతో పట్టుకుని ముక్కు మీదికి లాక్కుంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆ కళ్ళు చూస్తున్నది మోటారుని కాదు, బల్ల పక్కన కుమ్మరించిన బురదని.

నాయనమ్మ చెయ్యి కడుక్కోకుండానే షెడ్డు వైపు నడిచింది.

"ఏంటమ్మాయ్, మహారాణి ముక్కుకి ఏం తగిలింది?" అని అడిగింది, మామూలుగా వేళాకోళం చేసినట్టే.

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేకపోతే తువ్వాలెందుకు?"

కోడలు కాసేపు బెల్టు సర్దింది. "చిన్న మామయ్య తెచ్చిన బురద... మీరు తియ్యగా ఉందన్నారు కదా. నా ముక్కే అంత. దానికి అన్నీ కంపే."

"నా సంగతి వదిలెయ్. నీకేం వాసన వచ్చింది?"

"కుళ్ళిన గుడ్డు," అంది కోడలు నెమ్మదిగా. "ఇందాక ఆయన గేటు దాటినప్పటి నుంచీ."

బల్ల మీద తాతయ్య నశ్యం డబ్బా మూత పెట్టాడు. ఇంక ఊరుకోవడం బాగుండదనుకున్నాడేమో, నేల వైపు చూస్తూ అన్నాడు. "ఏమే, జ్వరం తగ్గిన దగ్గర నుంచీ నీకు వాసన తెలియడం లేదు. నా పక్కన కూర్చుంటున్నావు."

నాయనమ్మ ఆయన వైపు తిరిగింది. "తెలిసి ఎందుకు నోరు మూసుకున్నావయ్యా?"

"పక్కన కూర్చుంటున్నావు కదా అని."

ఇంకో రోజైతే ఆ జవాబుకి ఆయన్ని నాలుగు ఉతుకులు ఉతికేది. ఈ రోజు టైము లేదు. మధ్యాహ్నం మేత గట్టిగా వేస్తానన్నాడు మరిది. తన మాట మీద వేస్తాడు. కుళ్ళిన అడుగు మీద ఇంకో గంపెడు మేత పడితే, ఈ మబ్బులో, సాయంత్రానికి రొయ్యలు గట్టు చుట్టూ తేలతాయి. మళ్ళీ పంట పోతుంది, మరిది లారీ ఎక్కుతాడు, ఎక్కించింది తానవుతుంది. ముక్కు పోయిందని చెప్పుకోవడం ఎంత నామోషీ అయినా, దాని ముందు ఇది చిన్నదే. నాయనమ్మ ఒక విషయంలో మాత్రం ఎప్పుడూ తడుముకోదు. దారి కనబడ్డాక నిలబడదు. చెప్పులేసుకుంది.

"అమ్మాయ్, బెల్టు తర్వాత. నీ ముక్కు తీసుకుని రా."

ఇద్దరూ గట్టు మీద దాదాపు పరిగెత్తారు. ముందు అత్త, వెనక కోడలు, చాలా వెనక నశ్యం డబ్బా జేబులో పెట్టుకుని తాతయ్య. మరిది అప్పటికే తెప్ప మీద మేత గంప ఎక్కించి, తాడు విప్పుతున్నాడు.

"గంప దించు," అంది నాయనమ్మ రొప్పుతూ.

"ఇప్పుడే కదా వదినా తియ్యగా ఉందన్నావు?"

"తప్పు చెప్పాను. నా ముక్కు సెలవులో ఉంది. జ్వరం తగ్గిన దగ్గర నుంచీ పని చెయ్యడం లేదు. ఈ అమ్మాయి ముక్కు డ్యూటీలో ఉంది, అది కంపని చెప్తోంది."

మరిది ముందు నవ్వాడు, ఇదేదో అత్తాకోడళ్ళ పరాచికం అనుకుని. తర్వాత వదిన ముఖం చూసి నవ్వు ఆపేశాడు. గంప ఇంకా చేతుల్లోనే ఉంది. తెలియకపోతే తెలియదని చెప్పొచ్చు కదా, నేను నీ మాటే పట్టుకుని వచ్చేశానే అని గొణిగాడు. ఆ మాటలో కోపం కంటే దెబ్బ తిన్నతనం ఎక్కువుంది. నాయనమ్మ తల దించుకోలేదు, సాకు కూడా చెప్పలేదు. చెప్పొచ్చు, చెప్పలేదు, ఆ తిట్లు పంట తీశాక పడతాను, వరసగా నిలబెట్టి తిట్టు, ముందు తెప్ప ఇవ్వు అంది.

తెప్ప ఇద్దరినే మోస్తుంది. నాయనమ్మ గడ వేసింది, కోడలు ముందు కూర్చుంది. నడిమధ్యకి వచ్చేసరికి నీళ్ళలో నుంచి సన్నటి బుడగలు లేస్తున్నాయి. డబ్బా గడ దించి బురద పైకి తీసింది నాయనమ్మ. పగటి వెలుగులో చూస్తే కాటుకలా నల్లగా ఉంది. అందులో కరగని మేత గుళికలు కనబడ్డాయి. గట్టు పక్క పళ్ళెం ఖాళీ అవుతోందని మరిది మేత పెంచుకుంటూ పోతే, మధ్యలో పడిందంతా అడుగున కుళ్ళుతోందన్నమాట. కోడలికి డబ్బా దగ్గరికి చాపాల్సిన పని లేకపోయింది. తువ్వాలు ముఖమంతా కప్పేసుకుని, చేత్తో వెనక్కి, వెనక్కి అని సైగ చేసింది. నాయనమ్మ ఆ సైగని చూసి తల పంకించింది. తన మూడో తీర్పు ఎలా ఉండేదో, ఇదీ అలాగే ఉంది. కాకపోతే నీళ్ళ మధ్యలో చెప్పులేసుకుని నడవడానికి లేదు.

గట్టెక్కాక నాయనమ్మ మళ్ళీ నాయనమ్మ అయింది. మేత పూర్తిగా బంద్. గాలి చక్రాలన్నీ తిప్పమంది. మరిదికి కంగారులో తోచింది ఒకటే, ఇనప గొలుసు ఈడ్చి అడుగంతా కలియబెట్టి, గేటు ఎత్తి కాలువలోకి వదిలేయడం. ఆవిడ గొలుసు లాక్కుని దూరంగా విసిరేసింది. అడుగున పడుకున్న విషాన్ని నువ్వే లేపి రొయ్యల ముక్కుల్లో పోస్తావా, పైగా దాన్ని కాలువలో వదిలి దిగువన ఉన్నవాళ్ళ కొంపలు కూడా ముంచుతావా అని కేకలేసింది. కలపకుండా, మెల్లగా, మధ్యలో నుంచి బురదని పైపుతో పీల్చెయ్యాలి. కొంచెం కొంచెంగా తేరిన నీళ్ళు పొయ్యాలి.

"పీల్చి ఎక్కడ పొయ్యను వదినా?" అన్నాడు మరిది.

"నా ఖాళీ గదిలో," అంది నాయనమ్మ. "అతిథి వస్తున్నాడని ఎప్పటి నుంచో ఊడ్చి పెట్టాను."

కోడలు అప్పటికే షెడ్డులో ఉన్న పైపులన్నీ లాక్కొచ్చి ఒకదానికొకటి బిగిస్తోంది. చాలని చోట పాత సైకిల్ ట్యూబు కోసి చుట్టింది. మోటారు మొదట మొరాయించింది, కోడలు దాని నెత్తిన ఒకటి మొట్టాక దారికొచ్చింది. మరిది పైపు కొస పట్టుకుని నీళ్ళలో దిగాడు. గట్టు అవతల రొయ్య వెయ్యని చెరువులోకి నల్లటి బురద ధార పడుతుంటే, తాతయ్య ఆ కొస దగ్గర నిలబడి, పడుతోంది, పడుతోంది అని చెప్తూ ఉన్నాడు. ఆ రోజు ఆయన చేసిన పని అదే. ఇప్పటికీ మరిది చెరువుని నేనే కాపాడానంటాడు.

అడ్డుగట్టు అవతలి తేరిన నీళ్ళని రెండో మోటారుతో మరిది చెరువులోకి మళ్ళించారు. నాయనమ్మ మీటరు గుడ్డ విప్పి, గట్టు చుట్టూ తిరుగుతూ చూసుకుంది. అంకె మొదట బెట్టు చేసింది, తర్వాత నెమ్మదిగా పైకి కదిలింది. గంట గంటకీ కోడలు తెప్ప మీద మధ్యకి వెళ్ళి డబ్బా తీసేది. ప్రతిసారీ తువ్వాలు కాస్త కిందికి దిగుతూ వచ్చింది. మొదట కళ్ళ కింద దాకా ఉన్నది, ముక్కు కొన దాకా, తర్వాత పెదవుల దాకా. నాయనమ్మ గట్టు మీద నుంచి ఆ తువ్వాలునే చూస్తూ, పైపు ఎంత లోతుకి దించాలో మరిదికి చెప్పింది. పొద్దు వాలేసరికి కోడలు తువ్వాలు పూర్తిగా మెడలోకి వదిలేసి, ఆశ్చర్యంగా ఇటు చూసింది.

"అత్తయ్యా, తడి మట్టి వాసనలా ఉంది."

నాయనమ్మ వంగి పైపు సరిచేసింది. సరిచెయ్యాల్సిన అవసరం ఆ పైపుకేమీ లేదు.

మర్నాడు గట్టు వారన కొన్ని రొయ్యలు చచ్చి తేలాయి. వాటిని ఏరుతూ ఒక్కో గట్టూ తిరిగే కొద్దీ మరిది ముఖం తేటపడింది. తక్కినవి బతికే ఉన్నాయి. వల వేస్తే చిటపటా ఎగిరాయి. మొప్పలు నల్లబడ్డాయి గాని, పెంకు విడిచాక తెల్లబడ్డాయి. పంట తీసిన రోజు మరిది తిట్లకని వదినని పిలిచాడు. ఆవిడ నిజంగానే వచ్చి ఎదురుగా నిలబడి, కానివ్వు అంది. అతను చాలాసేపు ఆలోచించి, నువ్వు పొట్టిదానివి అన్నాడు. వదినని తిట్టడానికి అంతకంటే పెద్ద మాట అతనికి దొరకలేదట. ఆ తర్వాత తన చెరువులో ఒక మూల అడ్డుగట్టు వేసి, మురికి నీళ్ళకి తానూ ఒక చిన్న గది కట్టుకున్నాడు.

నాయనమ్మ ముక్కు సెలవు సంగతి దాచిపెట్టలేదు. మగ్గు పట్టుకుని ఎవరొచ్చినా, నన్ను కాదు, అటు అడగండి అని కోడలి వైపు చూపించేది. మొదట జనం నమ్మలేదు. మేత గోదాము దగ్గరే ముక్కు మూసుకునే మనిషి బురద వాసన ఏం చెప్తుంది అన్నారు. దానికి నాయనమ్మే కొలత కట్టింది. కోడలికి అన్నీ కంపే కాబట్టి, కంపా కాదా అని అడగకూడదు, ఎంత కంపో చూడాలి. తువ్వాలు మెడలోనే ఉంటే తియ్యగా ఉన్నట్టు. పెదవుల దాకా లేస్తే పులిసినట్టు, మేత తగ్గించు. ముక్కు దాటితే చెప్పులేసుకో. మహారాణి ముక్కు అన్న పేరు మాత్రం పోలేదు. కాకపోతే ఇప్పుడు ఆ పేరు చెప్తే రైతులు కాస్త లేచి నిలబడేవాళ్ళు. ఆ ముక్కుకి అడ్డం రాకూడదని తాతయ్యని నశ్యం డబ్బాతో సహా బల్ల రెండో కొసకి తోసేశారు. తన పక్కన కూర్చోవడానికి ఇప్పుడు పెళ్ళామొక్కతే మిగిలింది.

ముసురు పోయి ఎండలు వచ్చాయి. ఒక పొద్దున ఆ ఇద్దరూ బల్ల కొసన కూర్చుని ఉండగా, తాతయ్య మూత తీసి చిటికెడు పట్టి బర్రున పీల్చాడు. నాయనమ్మ ముఖం చిట్లించి, చప్పున జరగబోయింది. అంతలోనే ఆగిపోయింది. ఎక్కడ ఉన్నదక్కడే కూర్చుంది.

ముసలాయన కళ్ళు పెద్దవయ్యాయి. "వచ్చిందా?"

"అరవకు," అంది నాయనమ్మ పెదవులు కదపకుండా. "ఆ అమ్మాయి వింటుంది."

"వింటే ఏంటి? మంచిదేగా."

"వింటే తువ్వాలు కిందికి దించేసి, అత్తయ్యా మీరే చెప్పండి అంటుంది. ఇప్పుడిప్పుడే నోరు విప్పింది. ఊరుకో."

అంతలో కాలువ పొడుగునా నడుచుకుంటూ మరిది వస్తున్నాడు, చేతిలో అదే నీలం మగ్గు. అతను గేటు దాటక ముందే నాయనమ్మకి వాసన తెలిసింది. కాస్త పులిసింది. ఎంత పులిసిందో, ఎన్ని పూటలు మేత తగ్గించాలో కూడా ఆవిడకి తెలిసిపోయింది. నాలుక చివర దాకా వచ్చిన మాటని లోపలికి మింగేసి, పంపు షెడ్డు వైపు తిరిగింది.

కోడలు మోటారు ఆపి, చేతులు తుడుచుకుని, మగ్గు అందుకుంది. ఇప్పుడు కళ్ళు మూసుకోవడం కూడా నేర్చుకుంది. తువ్వాలు లేచింది. పెదవుల దాకా లేచి ఆగింది.

"పులిసింది చిన్న మామయ్యా. మేత సగం చెయ్యండి, రేపు మళ్ళీ తీసుకురండి."

మరిది అలవాటు కొద్దీ వదిన వైపు చూశాడు. వదిన ఆకాశంలో కొంగల్ని చూస్తోంది. అతను మగ్గు తీసుకుని, మేత సగం చెయ్యడానికి వెళ్ళిపోయాడు.

తాతయ్య సంతోషం పట్టలేక ఇంకో చిటికెడు తీశాడు. రహస్యం కాపాడాలంటే కదలకూడదు మరి. నాయనమ్మ ఊపిరి బిగబట్టి, ఆయన భుజానికి ఆనుకుని, అలాగే కూర్చుంది.